శేషం సున్నా

ముందే చెప్పేస్తాను, అది ప్రధాన సంఖ్య కాదు. మా ముందుగది మూలలో బల్ల మీద పాత కంప్యూటరు నెలల తరబడి నమిలిన ఆ సంఖ్యని, తర్వాత ఏ దేశంలోనో ఎవరిదో కొత్త యంత్రం చకచకా లెక్కగట్టి, కాదు పొమ్మంది. అందుకని ఇది చదివేవాళ్ళెవరూ చివర్లో పేపర్లో మా ఫొటో పడుతుందేమోనని ఎదురుచూడక్కర్లేదు. అలా ఎదురుచూడటం ఎంత విసుగో నాకు బాగా తెలుసు.

మా ఆయన తిరువూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పి రిటైరయ్యారు. నేను మండలాఫీసులో గుమాస్తాగా చేసి, ఆయన తర్వాత కొన్నాళ్ళకి బయటపడ్డాను. రిటైరైన మగవాళ్ళు మా ఊళ్ళో కొందరు మామిడి తోట కౌలుకి తీసుకుంటారు. కొందరు గుడి కమిటీలో చేరతారు. ఇంకొందరు బస్టాండు ఎదురుగా టీ కొట్లో కూర్చుని రెండు రాష్ట్రాల రాజకీయాలూ వాళ్ళే నడుపుతారు, సరిహద్దు పక్కనే కాబట్టి వాళ్ళకా సౌకర్యం ఉంది. మా ఆయన ప్రధాన సంఖ్యలు వెతకడం మొదలుపెట్టారు.

ఇలాంటివాళ్ళు ప్రపంచమంతా ఉన్నారట. కోట్ల అంకెలుండే సంఖ్యల్ని తలా ఒకటి పంచుకుని, ఇంట్లో ఉన్న కంప్యూటర్ని రాత్రీపగలూ దాని మీదకి వదిలి, అది ప్రధాన సంఖ్య అవునో కాదో తేలుస్తారట. తేలితే ఏమొస్తుందండీ అని మొదట్లో అడిగాను. "తేలుతుంది" అన్నారు. ఇంక అడగలేదు.

కానీ ఒకే ఇంట్లో ఉంటే వద్దన్నా కొన్ని చెవిలో పడతాయి. ఆయనకి ఇష్టమైన సంఖ్య ఒకటుంది. రెండు వందల పద్నాలుగు కోట్ల డెబ్భై నాలుగు లక్షల ఎనభై మూడు వేల ఆరు వందల నలభై ఏడు. స్నానం చేస్తూ కూడా దాన్ని శ్లోకంలా అంటారు. రెళ్ళని ముప్ఫై ఒకటి వరసగా పేర్చి గుణించి, వచ్చిన దాంట్లోంచి ఒకటి తీసేస్తే అది వస్తుంది. ఒకటితోనూ తనతోనూ తప్ప ఇంక దేనితోనూ తెగదు. కంప్యూటర్లు రాసుకునే సున్నా ఒకట్ల భాషలో దాన్ని రాస్తే ముప్ఫై ఒక్క ఒకట్లు పక్కపక్కన నిలబడతాయి, మధ్యలో ఒక్క సున్నా ఉండదు. "ప్రార్థనకి పిల్లల్ని నిలబెట్టినట్టు లేదూ?" అనేవారు. నేను చూసిన ప్రార్థనల్లో పిల్లలెప్పుడూ అంత తిన్నగా నిలబడలేదు.

అన్నీ ఇలా కుదురుతాయా అంటే కుదరవు. ఎన్ని రెళ్ళు పేర్చామో ఆ ముప్ఫై ఒకటి కూడా ప్రధాన సంఖ్యే అయి ఉండాలి, లేకపోతే అసలు ఆశే లేదు. అలాగని అది ప్రధానమైతే చాలనీ లేదు. పదకొండు ప్రధాన సంఖ్యే. పదకొండు రెళ్ళని గుణించి ఒకటి తీస్తే రెండు వేల నలభై ఏడు. అది చూడ్డానికి పెద్దమనిషిలాగే ఉంటుంది గానీ, ఇరవై మూడుని ఎనభై తొమ్మిదితో గుణిస్తే దొరికిపోతుంది. "మంచి వంశంలో పుట్టినవాళ్ళంతా మంచివాళ్ళవుతారా ఏంటి" అని నవ్వేవారు మా ఆయన. పైకి వెళ్ళేకొద్దీ ఇలా దొరికిపోయేవే ఎక్కువ. నిజంగా నిలబడేవి ఎక్కడో ఒకటి.

ఆ నిలబడేది ఏదో తేల్చే పద్ధతి కూడా నాకొచ్చు. ఒకరోజు నేను బెండకాయలు తరుగుతుంటే ఎదురుగా కూర్చుని నేర్పారు. నాలుగుతో మొదలుపెట్టాలి. వర్గం చెయ్యాలి, రెండు తీసెయ్యాలి, మన సంఖ్యతో భాగించి శేషం మాత్రం ఉంచుకోవాలి. మళ్ళీ వర్గం, మళ్ళీ రెండు తీసివేత, మళ్ళీ శేషం, పేర్చిన రెళ్ళకంటే రెండు తక్కువసార్లు. ఐదు రెళ్ళు గుణించి ఒకటి తీస్తే వచ్చే ముప్ఫై ఒకటిని పరీక్షిద్దాం అన్నారు. నాలుగు నాలుగులు పదహారు, రెండు తీస్తే పద్నాలుగు. పద్నాలుగు పద్నాలుగులు నూట తొంభై ఆరు, రెండు తీస్తే నూట తొంభై నాలుగు, ముప్ఫై ఒకటితో భాగిస్తే శేషం ఎనిమిది. ఎనిమిది ఎనిమిదులు అరవై నాలుగు, రెండు తీస్తే అరవై రెండు. ముప్ఫై ఒకటి రెళ్ళు అరవై రెండు.

"శేషం?" అన్నారు.

"సున్నా" అన్నాను.

"అదీ. సున్నా వచ్చిందంటే ప్రధాన సంఖ్య. ఇంకేది వచ్చినా కాదు."

ఆ పూట ఆయన మొహం చూసి నాకూ సంతోషమేసింది. అబద్ధం ఎందుకు. అయితే ముప్ఫై ఒకటికి బెండకాయలు తరిగేలోపు తేలిపోయింది. ఆయన తెచ్చుకున్న సంఖ్యకి ఇదే పని కోట్లసార్లు చెయ్యాలి, ప్రతిసారీ కోట్ల అంకెలతో చెయ్యాలి. మధ్యలో ఎక్కడ ఒక్క అంకె తప్పినా చివరికొచ్చే శేషానికి అర్థం ఉండదు. ఇప్పుడు తప్పుల్ని తనే పట్టుకునే కొత్త పద్ధతులొచ్చాయట. ఈయన మాత్రం పాతదే కావాలన్నారు. దానికైతే చివర్లో సున్నా కనపడుతుందట. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఇంతలో కన్ను వచ్చింది మధ్యలోకి.

మొదట గుమ్మానికి భుజం తగిలేది. తర్వాత కంచం పక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు చెయ్యి తగిలి పడిపోయేది. మెయిన్ రోడ్డు మీద పక్కనుంచి వచ్చిన ఆటో కనపడక త్రుటిలో తప్పించుకున్న రోజు, విజయవాడలో ఉండే మా అమ్మాయి ఊరుకోలేదు, పట్టుబట్టి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. నీటికాసులు అన్నాడాయన. ఎదురుగా ఉన్నది కనపడుతుంది, పక్కచూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలంటే చుక్కల మందు చాలదు, ఆపరేషన్ చెయ్యాలి, ఆలస్యం చెయ్యొద్దు అని చెప్పాడు.

మా ఆడపడుచు ఫోన్ చేసి, ఇప్పుడు మూఢం కదా, వెళ్ళాక చేయించుకోండి అంది. ఈయన పకపకా నవ్వారు. "శుక్రుడు ఆకాశంలో కనపడకపోతే నా కన్ను ఆగుతుందా?" అన్నారు. బాగుంది, ఆ మాట మీదే వెళ్ళి చేయించుకుంటారనుకున్నాను. ఫోన్ పెట్టేసి, "ఈ లెక్క అయిపోనీ, అప్పుడు చూద్దాం" అన్నారు. ఊరందరికీ ఏడాదిలో ఎప్పుడో మూఢం. మా ఇంట్లో అప్పట్నుంచీ మూఢమే.

నేను చెప్పని రోజు లేదు. అక్కడ సున్నా రావాలని ఇక్కడ కన్ను సున్నా చేసుకుంటున్నారన్నాను. సర్వేంద్రియానాం నయనం ప్రధానం అన్నారు గానీ, మీ సంఖ్య ప్రధానం అనలేదన్నాను. ఆ రెండోదానికి నవ్వారు కూడా. డాక్టరు ఇచ్చిన తేదీ ఒకటి వెళ్ళిపోయింది. ఇంకోటి తీసుకున్నాం, అదీ వెళ్ళిపోయింది. సాకు ఎప్పుడూ ఒకటే. సున్నా వస్తే నా కళ్ళతో నేను చూడాలి, ఆపరేషన్ తేడా వస్తే ఎవరు చూస్తారు?

దాని వెనకున్న భయం నాకు తెలుసు. మా మామగారు వినగడప పక్క ఊళ్ళో గుళ్ళో అర్చకులు. ఆయనకీ ఇదే జబ్బు అయి ఉంటుందని ఇప్పుడు అనుకుంటాం. కంటికి ఏదో ఆపరేషన్ అన్నారట, అయ్యాక ఉన్న చూపు కూడా పోయింది. చివరి రోజుల్లో చేత్తో తడుముకుంటూ స్వామికి అలంకారం చేసేవారు. తులసి ఏదో, గన్నేరు ఏదో వేళ్ళకి తెలిసేదట. అది చూస్తూ పెరిగినవాడు మా ఆయన. జీవితమంతా చేసినవాడికే ఇవ్వనివాడు మనకేమిస్తాడు అని, ఉద్యోగంలో చేరిన రోజు నుంచి దేవుడి గూటికి దణ్ణం పెట్టడం మానేశారు. నన్ను మాత్రం ఎప్పుడూ అడ్డుకోలేదు.

దసరా రోజు ఎప్పటిలాగే కుట్టుమిషనుకీ, స్కూటరుకీ, గ్రైండరుకీ పసుపు రాసి బొట్లు పెట్టాను. కుంకుమ భరిణె పట్టుకుని కంప్యూటరు దగ్గరికి వెళ్తే చెయ్యి అడ్డం పెట్టారు. "దానికెందుకు? లెక్కలు చేసే యంత్రానికి బొట్టేంటి?" అన్నారు. సరేనని వదిలేసి, పక్కింటావిడతో కలిసి నెమలి ఊళ్ళో వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. దేవుడి గూట్లో అక్షింతల గిన్నె మూత కింద పడి ఉంది. పిల్లి అనుకున్నాను.

ఆ సాయంత్రం నుంచే కంప్యూటర్లోంచి చిన్నగా గరగరమని చప్పుడు మొదలైంది. ఏంటండీ అది అంటే, "ముసలిదైంది, మనలాగే" అన్నారు.

చలికాలం అలాగే నెట్టుకొచ్చింది. ఎండలు ముదిరేసరికి చప్పుడూ ముదిరింది. తిరువూరు ఎండ సంగతి చెప్పక్కర్లేదు. మామిడికాయల లారీలు వెళ్తుంటే లేచిన దుమ్ము కిటికీ చువ్వల మీద ఎర్రగా పేరుకుంటుంది. కరెంటు పోతే ఇన్వర్టరు ముందు కంప్యూటరుకి, తర్వాతే మా ఫ్యానుకి. నేను తడిగుడ్డ మెడకి చుట్టుకుని కూర్చునేదాన్ని. ఆయన కంట్లో మందు వెయ్యడం, తెర మీద అక్షరాలు చదివిపెట్టడం, వంట, గుమ్మం దగ్గర చెయ్యి పట్టుకోవడం, మధ్యలో అమ్మాయి ఫోన్లు. "అమ్మా, నాన్నని ఒప్పించావా?" అంటుంది. ఒప్పించడం నా ఉద్యోగమైనట్టు. ఆ రోజుల్లో నేను నిజంగా అలిసిపోయాను. పడుకుని లేచినా తీరని అలుపు అది.

లెక్క ఇంక చివరికొచ్చిందని ఆయన అంటున్న వారంలో, ఒక మధ్యాహ్నం తెర మీద ఏదో కొత్తగా కనిపించింది. చదవమన్నారు. ఇంగ్లీషులో ఉన్నది నెమ్మదిగా చదివాను. లెక్కలో తప్పులు దొర్లుతున్నాయి, యంత్రం వేడెక్కిందేమో చూడండి, వచ్చే ఫలితాన్ని నమ్మలేము.

మళ్ళీ చదవమన్నారు, మళ్ళీ చదివాను.

"ఎప్పట్నుంచి తప్పుతోందో తెలీదు. మొదట్నుంచీ చెయ్యాలి" అన్నారు చివరికి.

"మొదట్నుంచీ అంటే?"

"మళ్ళీ నాలుగు నుంచి."

నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా సరిగ్గా రాలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చున్నాను. "నా వల్ల కాదండీ" అన్నాను. "మీకు ఓపికుందేమో, నాకు లేదు. మళ్ళీ నాలుగు నుంచంటే మళ్ళీ దసరా. అప్పటికి మీకు నేను కూడా కనపడను. నాకు సంఖ్య అక్కర్లేదు, ఏమీ అక్కర్లేదు. పొద్దున్నే లేచి మీరు నా మొహం చూసి కాఫీ అడిగితే చాలు."

ఆయన లేచి, బల్ల సొరుగులోంచి స్క్రూడ్రైవరు తీసుకుని, కంప్యూటరు డబ్బా పక్కన కూలబడ్డారు. దుమ్ము పట్టి ఉంటుంది, దులిపితే సరి అంటున్నారు. నేను తీస్తానంటే వద్దన్నారు. మర మీదకి ఆనించడం, అది పక్కకి జారడం. ఎలాగో ఒక మర ఊడి నేల మీద దొర్లింది. దాన్ని వెతుక్కుంటూ అరచేతులతో గచ్చంతా తడిమారు. అది ఆయన మోకాలి పక్కనే ఉంది. చూడలేక నేను మొహం తిప్పుకున్నాను. మా మామగారి వేళ్ళు గుర్తొచ్చాయి.

కాసేపటికి తడమడం ఆగింది. స్క్రూడ్రైవరు నా వైపుకి తోశారు. "నువ్వే తియ్యి" అన్నారు.

మిగిలిన మరలు విప్పి పక్క రేకు తీశాను. పాత పెయింటు బ్రష్షుతో ఫ్యాను దగ్గర దులపబోయి ఆగాను. రెక్కల మీదా, దాని కిందున్న సన్నటి రేకుల మధ్యా, నూనె జిడ్డులో కలిసి గడ్డకట్టిన ఎర్రటి పొడి. వేలితో తీశాను. వాసన చూడక్కర్లేదు, నలభై ఏళ్ళుగా రోజూ నా నుదుటి మీద ఉన్నదే అది. ఇంకా లోపల, రెక్కకి రాసుకునేలా రేకుల్లో ఇరుక్కుని, పసుపు రంగు బియ్యపు గింజ ఒకటి.

ఇంట్లో ఉన్నది ఇద్దరం. పెట్టింది నేను కాదు.

డబ్బా పైన గాలి కోసం చిల్లుల రేకు ఉంటుంది. దాని మీద బొట్టు పెట్టి, చిన్నప్పుడు తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న చేత్తో అక్షింతలు వేసి ఉంటారు. వేసి, నేనొచ్చేలోపు పైపైన తుడిచేసి ఉంటారు. దేవుడికి దణ్ణం పెట్టడం మానేసిన మనిషి ఎంత భయపడితే ఆ పని చేశారో అనిపించింది. సంఖ్య కోసం కాదు, కన్ను కోసమే వేశారనిపించింది. కంటి కోసం అడగడం నామోషీ అయి, దాన్ని అడ్డం పెట్టుకున్నారు. ఎగతాళి చెయ్యడానికి ఇంతకంటే మంచి అవకాశం ఈ జన్మలో నాకు రాదు.

గింజని గోటితో తీసి గుప్పెట్లో దాచాను.

"ఏముంది?" అన్నారు.

"దుమ్మండీ."

తల నా వైపు తిప్పి, ఎదురుగా మిగిలిన ఆ కాస్త చూపుతో నా వేళ్ళకేసి చూశారు. వేళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దుమ్మేనా?"

"మన ఊరి మట్టి ఎర్రదే కదండీ. లారీలు తిరుగుతుంటే కిటికీలోంచి వస్తోంది" అన్నాను.

ఆయన కిటికీ వైపు చూశారు. చువ్వల మీద నిజంగానే ఎర్రదుమ్ము ఉంది, ఆ పూటకి అది నన్ను ఆదుకుంది. నేను బ్రష్షుతో రెక్కలు శుభ్రం చేస్తూ కూర్చున్నాను. కుంకుమ రాలి పేపరు మీద పడుతోంది. ఎంతసేపటికో ఆయన గొంతు వినిపించింది.

"పొద్దున విజయవాడ బస్సు ఎన్నింటికుంది?"

బస్టాండులో కనుక్కొస్తానన్నాను. మాట మారుస్తారేమోనని వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి, డాక్టరుతో మాట్లాడమని చెప్పేశాను. రేకు బిగించాను గానీ, కంప్యూటరు మళ్ళీ ఆన్ చెయ్యమని ఆయన అడగలేదు. ఆ రాత్రి చప్పుడు లేని ఇంట్లో ఇద్దరికీ సరిగ్గా నిద్ర పట్టలేదు.

చూపు సంగతి కూడా ముందే చెప్పేస్తాను. ఉన్నది నిలబడింది, పోయింది రాలేదు. ఆలస్యం చేసిన నెలల్లో ఎంత పోయిందని డాక్టర్ని మేమిద్దరం అడగలేదు. ఇప్పుడు ఎడమ పక్కనుంచి వెళ్తే నన్ను చూడలేరు, అందుకని కుడి పక్కనుంచి వెళ్తాను. పొద్దున నా మొహం చూసి కాఫీ అడుగుతున్నారు. ఆ సంఖ్యని ఇంకెవరో తేల్చేశారని మెయిలొస్తే నేనే చదివి వినిపించాను. "కాదా" అన్నారు, అంతే.

నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్ రోజు పొద్దుటిది. పేషెంట్లందర్నీ వరసగా కుర్చీల్లో కూర్చోబెట్టారు. అమ్మాయి మందుల చీటీ తీసుకుని కిందకి వెళ్ళింది. ఆయన ఆకుపచ్చ గౌను వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పరీక్ష హాల్లో పిల్లాడిలా ఉన్నారు. ఆ రెండు వందల పద్నాలుగు కోట్ల సంఖ్యని గొణుక్కుంటున్నారేమో అనుకున్నాను. పెదాలు కదలడం లేదు.

"ఆ గింజ పారేశావా?" అన్నారు ఉన్నట్టుండి.

"ఏ గింజండీ?"

"లోపల పడ్డప్పుడే వినపడింది నాకు. డబ్బా విప్పితే నీకు తెలిసిపోతుందని ఊరుకున్నాను. అదే నా లెక్క తప్పించింది." ఆగి, మళ్ళీ అన్నారు. "మట్టి అన్నావు చూడు, అప్పుడు సిగ్గేసింది."

పర్సు తెరిచాను. బస్సు టికెట్ల మధ్య వేశాను దాన్ని, ఎందుకు తెచ్చానో అప్పటిదాకా నాకే తెలీదు. జిడ్డు పట్టి నల్లబడింది, ఒక పక్కన మాత్రం ఇంకా పసుపు ఉంది. ఉందన్నాను. ఆయన తల కొంచెం వంచారు.

పెళ్ళినాడు తలంబ్రాలప్పుడు తప్ప ఆయన తలమీద నేను బియ్యం వేసింది లేదు. చుట్టూ జనం ఉన్నారు. వేశాను. అంతలో నర్సు వచ్చి, జుట్టంతా లోపలికి దోపి తలకి టోపీ తొడిగింది. గింజ దాని కిందే ఉండిపోయింది.